రెండు పెట్టెలు, ఒకే చిరునామా: మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మరమ్మతు

గుంటూరులోని మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ వీధివైపు గదిలో ఉంది. మధ్యలో రెండు మందపాటి ఇటుక గోడలు అడ్డం రావడంతో, అమ్మ ఉండే వెనక గదికి కంపెనీవారు పెట్టిన మోడెం వైఫై అందదు. అందుకని విడిగా ఒక రౌటర్ కొని, మోడెం నుంచి లాన్ కేబుల్ లాగి దానికి కలిపాను. వెనక గదిలో సిగ్నల్ నిండుగా కనిపించింది, ఫోన్లు వైఫైకి కలిశాయి, కానీ ఇంటర్నెట్ మాత్రం రాలేదు. ఫిర్యాదు చేస్తే వచ్చిన టెక్నీషియన్ తన ఫోన్‌ను మోడెం వైఫైకి కలిపి చూసి, “నెట్ బాగానే వస్తోంది సార్, రౌటర్ మీది కదా, దానితో మాకు సంబంధం లేదు” అని చెప్పి వెళ్లిపోయారు. ఆయన మాట నిజమే. రౌటర్ కొన్న దుకాణానికి తీసుకెళ్తే అక్కడ అది చక్కగా పనిచేసింది. విడివిడిగా బాగున్న ఈ రెండూ కలిపితే ఎందుకు మొరాయిస్తున్నాయో నేనే వెతుక్కోవలసి వచ్చింది.

ఫైబర్ ఇళ్లలో మనం మోడెం అని పిలిచే పెట్టె అసలు పేరు ఓఎన్‌టీ. గాజు తీగలో వచ్చే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చడం దాని మొదటి పని. అయితే కంపెనీలు ఇచ్చే పెట్టెల్లో చాలావాటికి లోపలే, ఇంట్లోని పరికరాలకు చిరునామాలు పంచే ఒక రౌటర్ కూడా ఉంటుంది. అంటే నేను మోడెంకు రౌటర్ కలిపానని అనుకున్నాను కానీ, నిజానికి ఒక రౌటర్ వెనక ఇంకో రౌటర్‌ను పెట్టాను.

ముందుగా మోడెం లైట్లు చూశాను. ఫైబర్ లైను కలిసిందని తెలిపే, పాన్ అని రాసి ఉన్న లైటు ఆకుపచ్చగా నిలకడగా ఉంది, ఎల్‌ఓఎస్ లైటు వెలగడం లేదు. ఎల్‌ఓఎస్ ఎర్రగా వెలిగితే కాంతి ఇంటిదాకా రావడం లేదని అర్థం, అప్పుడు రౌటర్‌ను ఎంత కదిలించినా ఉపయోగం ఉండదు. మోడెం సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్, అంటే అందుతున్న కాంతి బలం, మైనస్ 21 డీబీఎం అని చూపించింది. ఇళ్లకు సాధారణంగా వాడే జీపాన్ రకం ఫైబర్ పరికరాలకు మైనస్ 8 నుంచి మైనస్ 27 మధ్య ఉంటే సరిపోతుంది కాబట్టి, లైను మీద అనుమానం అక్కడితో తీరిపోయింది. తరువాత రౌటర్‌ను తీసేసి ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా మోడెంకు కలిపితే ఇంటర్నెట్ వచ్చింది. అదే కేబుల్‌ను, బయటి లైను కలిపే రౌటర్ వాన్ పోర్టులో పెట్టి, ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు కలిపితే ఆగిపోయింది. ఒక్కొక్కటే మార్చి చూడటం వల్ల తప్పు ఆ రెండు పెట్టెల మధ్యే ఉందని తేలింది.

రౌటర్ పేజీ తెరిచి చూస్తే విషయం బయటపడింది. మోడెం తన చిరునామా 192.168.1.1 అని పెట్టుకుని, రౌటర్‌కు 192.168.1.7 ఇచ్చింది. కొత్త రౌటర్ కూడా తయారీదారు దగ్గరి నుంచే 192.168.1.1 అనే చిరునామాతో వచ్చింది. బయటివైపు, లోపలివైపు ఒకే వరుస చిరునామాలు ఉంటే, వచ్చిన ప్యాకెట్‌ను, అంటే డేటా ముక్కను, ఎటు పంపాలో రౌటర్‌కు తెలియదు. ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే డోర్ నంబరు వేస్తే పోస్ట్‌మన్ పడే అవస్థే అది. ఈ తగువును పసిగట్టి తమ చిరునామాను తామే మార్చుకునే రౌటర్లు ఉన్నాయి కానీ, మాది అలా చేయలేదు. రౌటర్ లాన్ (లోపలివైపు) చిరునామాను 192.168.10.1 అని మార్చి, రెండిటినీ ఆపి, ముందు మోడెంను, రెండు నిమిషాల తరువాత రౌటర్‌ను ఆన్ చేస్తే వెనక గదిలో ఇంటర్నెట్ వచ్చింది. ఆ సాయంత్రం అమ్మ తన గదిలోనే కూర్చుని చెల్లెలితో వీడియో కాల్ మాట్లాడింది.

వైఫై దూరం పెంచుకోవడమే అవసరమైన ఇంట్లో అసలు ఇంత కూడా అక్కర్లేదు. రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే చిరునామాలు పంచే పని మోడెం ఒక్కటే చేస్తుంది, రెండో పెట్టె వైఫై ఇస్తూ ఊరుకుంటుంది. ఎక్కువ ఇళ్లకు ఇదే మేలని నా అభిప్రాయం. నేను ఆ దారి పట్టకపోవడానికి కారణం గేటు దగ్గరి కెమెరా. దాన్ని బయటి నుంచి చూడాలంటే, బయటి నుంచి వచ్చే పిలుపును లోపలి కెమెరాకు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ చేయాలి. అది యాక్సెస్ పాయింట్ మోడ్‌లో అయితే మోడెంలో, రెండు రౌటర్లు ఉంటే రెండు పెట్టెల్లోనూ చేయాలి. కానీ మా మోడెంలో ఆ సెట్టింగును కంపెనీవారు తెరవనివ్వలేదు. అందుకని మోడెంను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాను. అప్పుడు అది కాంతిని మార్చే పని మాత్రమే చేస్తుంది, పీపీపీఓఈ అనే పద్ధతిలో కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌లతో లాగిన్ అయ్యే పని రౌటర్‌ది అవుతుంది. ఈ మార్పుకు ముందు మోడెంలోని ప్రతి పేజీని, ముఖ్యంగా వీలాన్ నంబరును (కంపెనీ తన లైనులో ఇంటర్నెట్‌ను వేరుగా గుర్తించే నంబరు) ఫొటో తీసి ఉంచుకోవాలి. ల్యాండ్‌లైన్ కూడా ఆ పెట్టె నుంచే వస్తుంటే, అది ఆగిపోదని ముందే అడిగి తెలుసుకోవాలి.

పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా మొదటి రోజు రౌటర్ లాగిన్ కాలేదు. కంపెనీవైపు మా ఖాతా మోడెం మ్యాక్ అడ్రస్‌తో (ప్రతి పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) ముడిపడి ఉండటమే కారణం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ ముడి విడిపించమని అడిగితే పది నిమిషాల్లో పని అయింది. తరువాత కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని సగంలో ఆగిపోతుంటే ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్ల సంఖ్య, చూశాను. పీపీపీఓఈకి 8 బైట్లు పోతాయి కాబట్టి అది 1500 కాకుండా 1492 ఉండాలి. సరిచేయగానే ఆ ఇబ్బంది పోయింది.

మిగిలింది వేగం. 200 ఎంబీపీఎస్ ప్లాన్ మీద రౌటర్ దగ్గర 94 దాటడం లేదు. 94 అనే అంకె కనిపిస్తే ముందుగా కేబుల్‌నే అనుమానించాలి. వంద ఎంబీపీఎస్ లింకుకు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. మా కేబుల్ కొసన ఒక తీగ సరిగ్గా పట్టలేదు. కొత్త కనెక్టర్ క్రింప్ చేయించాక 190 దాటింది.

కెమెరా సంగతి మాత్రం అనుకున్నట్టు తీరలేదు. రౌటర్‌కు కంపెనీ ఇచ్చిన చిరునామా 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు పంచడానికి కేటాయించినవి, వాటి మీద పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. మాకే ప్రత్యేకంగా, మారకుండా ఉండే పబ్లిక్ చిరునామాకు, అంటే స్టాటిక్ ఐపీకి, విడిగా నెలకింత కట్టాలన్నారు. ప్రస్తుతానికి కెమెరా తయారీదారు యాప్‌తోనే గేటు చూసుకుంటున్నాం.