జహీరాబాద్ బండ్ల వెంట

హైదరాబాద్‌లో సాహిత్య సభలకి వెళ్ళడం దాదాపు మానేశాను, వేదిక మీద పదిమంది, కింద ఇరవై మంది, మాట్లాడేవాళ్ళంతా ఒకరి గురించి ఒకరు మాట్లాడుకుని శాలువాలు కప్పుకుని వెళ్ళిపోతారు, మట్టి గురించి రాసిన కవిత్వానికి కూడా ఏసీ హాల్లోనే ఆవిష్కరణ. అందుకే ఫ్రెండ్ ఫోన్ చేసి "జహీరాబాద్ వైపు పాత పంటల జాతర నడుస్తోంది, పాటలుంటాయి, నాటకాలుంటాయి, తిండి కూడా వాళ్ళే పెడతారు, వస్తావా" అంటే పెద్దగా ఆశ లేకుండానే సరే అన్నా. వెళ్ళాక మాత్రం మనం సాహిత్యం అని వేరే చోట వెతుక్కుంటున్నామేమో అనిపించింది, అందుకే ఇదంతా రాస్తున్నా.

లింగంపల్లిలో పొద్దున్నే బస్సెక్కాం. పటాన్‌చెరు దాకా ట్రాఫిక్ సంగతి తెలిసిందే. అక్కడ ఇక్రిశాట్ గోడ పక్కనుంచి బస్సు పోతుంటే ఫ్రెండ్ చెప్పాడు, జొన్న మీద, సజ్జ మీద, కంది మీద 1972 నుంచి ఇక్కడ పరిశోధన చేస్తున్నారని. సంగారెడ్డి, సదాశివపేట దాటాక రోడ్డు పక్కన చెరుకు, అక్కడక్కడా పత్తి. జహీరాబాద్‌లో దిగి ఝరాసంగం వైపు ఆ రోజు బండ్లు వెళ్ళే ఊరికి ఆటో అడిగితే మూడు వందల యాభై అన్నాడు. షేర్ ఆటో అయితే మనిషికి ముప్పయ్యో నలభయ్యో ఇచ్చి పోవచ్చని తర్వాత ఊళ్ళో వాళ్ళు చెప్పారు. కొత్త మనిషి కనిపిస్తే చాలు రేటు పెంచేస్తారు, బేరమాడినా యాభై తగ్గించాడంతే, ఆ చిరాకు ఊరు చేరేదాకా పోలేదు.

ఊరి మొదట్లోనే డప్పుల చప్పుడు వినిపించింది. ఎడ్లబండ్లు వరసగా ఉన్నాయి, ఒక్కో బండి మీద మట్టి కుండలు, వెదురు బుట్టలు, వాటి నిండా గింజలు. జొన్న కంకులూ సజ్జ కంకులూ గుత్తులుగా కట్టి బండి చుట్టూ తోరణంలా వేలాడదీశారు, ఎడ్ల కొమ్ములకి రంగులు. ఊరి ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి బండ్లకి ఎదురొచ్చారు, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు, దేవుడి ఊరేగింపుకి చేసినట్టే అన్నీ చేశారు, కాకపోతే బండి మీద విగ్రహం లేదు, గింజలున్నాయి.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, ఇది దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అంటే అందరూ డీడీఎస్ అంటారు, ఆ సంఘాల ఆడవాళ్ళు చేసే జాతర. సంస్థ 1983 నుంచి ఉంది, జాతర మొదలై కూడా ఇరవై ఏళ్ళు దాటింది. సంక్రాంతికి మొదలై దాదాపు నెల రోజులు బండ్లు ఊరూరా తిరిగి ఫిబ్రవరిలో మాచనూరులో ముగుస్తుంది. సంఘాల్లో ఎక్కువ మంది దళిత మహిళలు, ఎకరమో రెండెకరాలో భూమి ఉన్నవాళ్ళు, అది కూడా ఎక్కువగా లోతులేని ఎర్ర నేల. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సంస్థని నడిపిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు, సరిగ్గా ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని జరుపుకుంటున్న ఏడాదే. అప్పుడు పేపర్లో చదివి ఊరుకున్నా, అక్కడికెళ్ళి ఆ బుట్టల ముందు నిలబడ్డాక ఆయన లేని లోటు ఏంటో తెలిసింది.

ఇంక ఆ రోజులో మిగతాదంతా పక్కన పెట్టి ఒక అవ్వ దగ్గర గడిపిన రెండు మూడు గంటల గురించే చెప్పాలి.

బండి పక్కన బుట్టలు కిందకి దించి కూర్చుంది. "ఏం బిడ్డా, ఏడికెళ్ళొచ్చినవ్?" అని తనే పలకరించింది. హైదరాబాద్ అంటే "గంత దూరం నుంచి ఇవి చూడనీకెనా?" అని నవ్వి ఒక బుట్ట ముందుకి జరిపింది. బుట్ట బయటంతా మట్టీ పేడా కలిపి అలికి ఉంది, లోపల గింజల్లో బూడిద, ఎండిన వేపాకు. చెయ్యి పెట్టి తీసి అరచేతిలో పోసింది, తెల్ల జొన్న, బూడిదలో కూడా మెరుస్తున్నాయి. తర్వాత ఒక్కో కుండా చూపిస్తూ పోయింది, పచ్చ జొన్న, సజ్జలు, కొర్రలు, సామలు, తైదలు (మనం రాగులంటాం), ఎర్ర కంది, నల్ల కంది, అనుములు, అలసందలు, కుసుమలు, అవిసెలు. ఏ కుండలో ఏముందో చూడకుండానే చెప్తోంది, ఒక్క చీటీ లేదు. పేరు చెప్పి ఆగట్లేదు, ఏ నేలకి ఏది, ఏది పిట్టలు తింటాయి, ఏది బాలింతకి పెట్టాలి, ఏది ఎన్నేళ్ళు నిల్వుంటుంది, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఒకే చేలో ఇవన్నీ ఎలా వేస్తావవ్వా, ఒకదాని మీద ఒకటి పడవా అని అడిగా. అప్పుడు పాటెత్తుకుంది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా అందుకున్నారు. మొదట్లో నాకు వట్టి రాగమే వినిపించింది, రెండోసారి చరణం తిరిగొచ్చినప్పుడు గమనించా, అది వట్టి పాట కాదు, మిరుగం అంటే మృగశిర కార్తెలో ఏది వెయ్యాలి, ఆరుద్రలో ఏది, జొన్న సాళ్ళ మధ్య కంది ఎక్కడ రావాలి, ఉత్తర కార్తెలో తెల్ల జొన్నకి నేల ఎలా ఉండాలి, చేను చుట్టూ కుసుమ ఎందుకు పెట్టాలి, అంతా అందులో ఉంది. కుసుమకి ముళ్ళుంటాయి కదా, గొడ్లు లోపలికి రావు. పాట అయ్యాక మళ్ళీ మామూలు మాటల్లో చెప్పింది, "జొన్న పోతే కంది నిలబడ్తది, కంది పోతే అలసంద నిలబడ్తది, అన్నీ ఒక్కసారి పోవు బిడ్డా. కంది ఆకు రాలి భూమికే ఎరువైతది." ఆ ఊళ్ళల్లో ఒక్క ఎకరంలో ఇరవై రకాల దాకా కలిపి వేసేవాళ్ళున్నారు. చలికాలం పంటల్లో కొన్నిటికి నీళ్ళు కట్టేది కూడా ఉండదు, నేలలో ఉన్న తేమ, పైన పడే మంచు చాలు, వాటిని వీళ్ళు సత్యం పంటలంటారు.

చదువు రాని మనిషి వ్యవసాయ శాస్త్రం మొత్తాన్ని పాటలో దాచిపెట్టుకుంటే, దాన్ని జానపదం అని ఒక మూల పెట్టేసి, మనం ఊరి మీద బెంగతో రాసిన నాలుగు పేజీలని సాహిత్యం అంటున్నాం. నాకు నిజంగా కోపం వచ్చింది, ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. ఇంకో సంగతి, ఈ పాటలు గాల్లో కలిసిపోవట్లేదు. మాచనూరులో సంఘం రేడియో ఉంది, 2008 నుంచి నడుస్తోంది, 90.4 ఎఫ్ఎం, నడిపేది కూడా ఈ ఆడవాళ్ళే. "నా పాట రేడియోల వస్తది" అని అవ్వ చెప్పినప్పుడు మొహంలో ఎంత గర్వమో.

మా అమ్మమ్మ వాళ్ళది అద్దంకి పక్కన. చిన్నప్పుడు వరిగ కూడు, జొన్న సంగటి తిన్నామని అమ్మ చెప్పేది, నా దాకా వచ్చేసరికి ఆ ఊళ్ళో పొగాకు, తర్వాత శనగ, తర్వాత జామాయిల్. జామాయిల్ వేశాక కూలి పనులు లేవు, పని పాటలూ లేవు. అమ్మమ్మకి కూడా తిరగలి పాటలు వచ్చు, పండగలకి వెళ్ళినప్పుడు ఒకటీ అరా పాడేది, ఎవ్వరం రాసుకోలేదు, ఫోన్లో రికార్డ్ చేసే రోజులు వచ్చేసరికి ఆవిడ లేదు. వరిగ విత్తనం కావాలంటే ఇప్పుడు మా వైపు ఊళ్ళన్నీ తిరిగినా దొరుకుతుందో లేదో. విత్తనమూ పాటా మా దగ్గర కలిసే పోయాయి, ఇక్కడ రెండూ కలిసే మిగిలాయి.

మధ్యాహ్నం భోజనం. మూడు రాళ్ళ పొయ్యి మీద పెనం, ఒకావిడ వేడి నీళ్ళు పోసి జొన్నపిండి కలిపి, ముద్దని పీట మీద పెట్టి అరచేత్తో తడుతూ తిప్పుతోంది, అంచు ఎక్కడా పగల్లేదు. పెనం మీద వేసి తడి గుడ్డతో పైన నీళ్ళు రాసి, ఆ తడి ఆరగానే తిప్పేసింది, రొట్టె పొంగింది. మోదుగాకు విస్తట్లో ఆ రొట్టె, పుండికూర (మన గోంగూరే), అనుముల కూర, కొర్ర బువ్వ, అవిసె పొడి. పక్కన ఇంకో ఆకుకూర వేశారు, పొలంలో దానంతటదే మొలిచేదంట, దొగ్గలి కూర అన్నారు, కాస్త పసరు వాసన, పప్పులో వేస్తే చాలా బాగుంది. మందు కొడితే ఇలాంటివేవీ బతకవు, కలుపు అని మనం చంపేది వీళ్ళకి కూర. డబ్బులు ఎవరూ అడగలేదు, ఇస్తామన్నా తీసుకోలేదు.

తిన్నాక సభ. ఇక్కడ మళ్ళీ చిరాకు. ఊరివాళ్ళు మాట్లాడినంతసేపూ బాగుంది, తర్వాత బయట నుంచి వచ్చిన ఒక అతిథి మైకు పట్టుకుని మిల్లెట్స్‌కి ఇప్పుడు మంచి డిమాండ్ ఉంది, మీరు కుకీలు చెయ్యాలి, నూడుల్స్ చెయ్యాలి, బ్రాండింగ్ చెయ్యాలి అని అరగంట చెప్పాడు. ఆడవాళ్ళు ఓపిగ్గా విన్నారు. నా పక్కనున్నావిడ మెల్లగా అంది, "మేం తిన్నంక మిగిల్తేనే గదా అమ్ముడు." ఆ ఒక్క మాట మైకులో వినిపించి ఉంటే బాగుండేది. మా ఇంటి దగ్గర సూపర్‌మార్కెట్లో అర కేజీ కొర్రల ప్యాకెట్ తొంభై రూపాయలు, పైగా పాలిష్ పట్టి తెల్లగా ఉంటాయి. పండించేవాళ్ళకి అందులో ఎంత పోతుంది? కేంద్రం మద్దతు ధర ప్రకటించే లిస్టులో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్రలూ సామలూ అసలు లేవు. కుకీల గురించి మాట్లాడేముందు ఇది మాట్లాడొచ్చు కదా. రేషన్‌లో బియ్యం ఒక్కటే ఇస్తే జొన్న ఎవరు పండిస్తారని ఈ ఆడవాళ్ళు తొంభైల్లోనే అడిగి, బీడు భూములు సాగులోకి తెచ్చి, తమ ఊళ్ళల్లో తామే జొన్నలు పోగేసి పేద ఇళ్ళకి తక్కువ ధరకి ఇచ్చుకున్నారు, వాళ్ళకి మనం మార్కెట్ పాఠం చెప్తున్నాం!

సాయంత్రం వచ్చేముందు అవ్వని కొంచెం జొన్న విత్తనం అమ్ముతావా అని అడిగా, బాబాయికి అద్దంకి దగ్గర రెండెకరాలు ఖాళీగా ఉంది. "ఇత్తనం అమ్మద్దు" అంది ఖండితంగా. సంఘంలో పద్ధతి వేరే, తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక రెండింతలు తిరిగివ్వాలి, అలా చేతులు మారుతూ పోతుంది. నాది ఈ ఊరు కాదు కదా ఎలా ఇస్తానంటే "మల్ల వచ్చే జాతరకి తే" అని కొంగున ముడేసుకున్న గింజలు విప్పి నా దస్తీలో పోసింది. రాత్రే బాబాయికి ఫోన్ చేశా. మన నల్లరేగడిలో తెల్ల జొన్న బ్రహ్మాండంగా వస్తుంది, కానీ పిట్టల కాపలాకి మనిషి దొరకడు అన్నాడు. కంది కూడా కలిపి వెయ్యమని, చుట్టూ కుసుమ పెట్టమని చెప్పా, నీకివన్నీ ఎవరు చెప్పారన్నాడు, అవ్వ పాట రికార్డింగ్ పంపించా.

వెళ్ళాలనుకునేవాళ్ళు ముగింపు రోజు మాచనూరు వెళ్ళండి తప్పులేదు, కానీ ఆ రోజు జనం ఎక్కువ, అతిథులు ఎక్కువ, అవ్వల పక్కన కూర్చునే తీరిక దొరకదు. జనవరిలోనే ఏదో ఒక చిన్న ఊరు చూసుకుని పొద్దున్నే చేరుకోండి, జహీరాబాద్‌లో ఆటోవాడు మూడొందలంటే దిగి షేర్ ఆటో కోసం ఆగండి, ఫోన్లో చార్జింగ్ ఉంచుకోండి, పాట మొదలైతే మధ్యలో ప్రశ్నలు అడక్కుండా పూర్తిగా రికార్డ్ చేసుకోండి, పాడినావిడ పేరు కూడా అడిగి రాసుకోండి.