మీత్ కౌంటీలో ముసలమ్మ కొండ

ఐర్లండ్‌లోని మీత్ కౌంటీ మొత్తంలో ఎత్తైన చోటు సముద్రమట్టానికి 276 మీటర్లే. ఓల్డ్‌కాజిల్ పట్టణానికి దగ్గరలో ఉన్న ఆ కొండను స్లీవ్ నా కాలియ, అంటే ముసలమ్మ కొండ అంటారు. పచ్చిక వాలు మీద కొద్దిసేపు నడిస్తే చాలు, శిఖరం వస్తుంది. చుట్టుపక్కల అడ్డు నిలిచే ఎత్తు లేనందువల్ల, ఉత్తరాన రామర్ సరస్సు, పడమటి దిక్కున షీలిన్ సరస్సు, వాటి మధ్య ముళ్లపొదల కంచెలు గీతలు గీసిన పొలాలు దిగంతం దాకా కనిపిస్తాయి.

సుమారు 5,000 ఏళ్ల కిందటి రైతులు తమ మృతుల కోసం ఈ ఎత్తునే ఎంచుకున్నారు. ఇక్కడా, పక్క కొండల మీదా వారు పేర్చిన రాతిగుట్టలలో అన్నింటికంటే నన్ను కట్టిపడేసేది ఈ శిఖరం మీది ‘టి’ సమాధి (ఇక్కడి గుట్టలను ఆంగ్ల అక్షరాలతో పిలుస్తారు). మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో ఉదయించే సూర్యుని కాంతి దాని ఇరుకు దారిగుండా లోపలికి చొరబడి, చివరనున్న రాతి మీద చెక్కిన సూర్యబింబాల వంటి వలయాలను ఒక్కొక్కటిగా తాకుతూ కదులుతుంది. లోహం ఎరుగని కాలంలో, రాతితో రాతిని తొలిచి ఈ పని చేసిన వారి ఓర్పుకు నేను మనసారా నమస్కరిస్తాను.

ఊరివాళ్ల కథ వేరు. ఒక మాయల ముసలమ్మ ఒడినిండా రాళ్లు నింపుకొని కొండ నుంచి కొండకు దూకుతుంటే జారిపడినవే ఈ గుట్టలట. చివరి దూకులో ఆమె పడి చనిపోయిందట. ‘టి’ సమాధి గుట్ట అంచున కుర్చీ ఆకారంలో ఉన్న పెద్ద బండను నేటికీ ఆమె ఆసనమే అంటారు. 1863లో ఇక్కడికి వచ్చిన యూజీన్ కాన్‌వెల్ అనే పాఠశాలల తనిఖీ అధికారి మాత్రం దాన్ని పురాణకాలపు రాజు ఒల్లవ్ ఫోలా సింహాసనమని నమ్మాడు. ఆ ఊహ నిలవలేదు కానీ, ఆయన తవ్వకాలు నిలిచాయి. పడమటి కొండ మీది ‘హెచ్’ సమాధిలో ఆయనకు దొరికిన నునుపైన ఎముక పలకల మీద ఇనుపయుగపు నగిషీలున్నాయి. అంటే, సమాధులు కట్టి దాదాపు మూడువేల ఏళ్లు గడిచాక కూడా జనం ఈ కొండకు వస్తూనే ఉన్నారన్నమాట.

బాధ కలిగించేది తూర్పున ఉన్న పాట్రిక్స్‌టౌన్ కొండ. అక్కడి రాతిగుట్టలు చాలావరకు ధ్వంసమయ్యాయి. అందువల్ల, ‘టి’ సమాధిని చూసి వెంటనే దిగిపోకుండా ఆ వైపు కూడా కాసేపు చూడమని, వెళ్లేవారందరినీ కోరుతున్నాను.