యాభై దాటాక ఫ్రెంచ్ అక్షరాభ్యాసం

కెనడాలో ఫ్రెంచ్ ఎక్కువగా మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలోని మాంట్రియాల్‌లో ఇన్నేళ్ళూ ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చాను. పిల్లలు బడిలో ఫ్రెంచ్ గడగడా నేర్చేసుకున్నారు, నేను మాత్రం తప్పించుకు తిరిగాను. వలస వచ్చినవాళ్ళకి క్యూబెక్ ప్రభుత్వం ఉచితంగానే నేర్పుతుంది కాబట్టి ఫీజు సాకు కూడా లేదు. మొత్తానికి ఇప్పుడు చేరాను.

ఉచ్చారణ భయపడినంత లేదు. త, ద, ప దాదాపు మనలాగే పలుకుతారు, ఇంగ్లీషులోలా గాలి ఊదక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో క్లాసులో నాదే పైచేయి. కానీ వాళ్ళ 'యు' అక్షరం ఉంది చూశారూ, పెదాలు 'ఊ' అన్నట్టు ముడిచి లోపల నాలుకతో 'ఈ' అనాలి. అద్దం ముందు సాధన చేస్తుంటే మా ఆవిడ తలుపేసుకుని వెళ్ళిపోయింది.

అసలు తలనొప్పి అంకెలు. 69 దాకా బండి బాగానే నడుస్తుంది. 70 అంటే అరవై-పది. 80 అంటే నాలుగు ఇరవైలు. 97 అంటే నాలుగు ఇరవైలు, పది, ఏడు! జాన్-టాలాన్ మార్కెట్లో టమాటాల ధర విని, నేను మనసులో కూడికలు ముగించేలోపు అమ్మే అమ్మాయి ఇంగ్లీషులోకి మారిపోతుంది. పాపం మర్యాదకే, అయినా నాకు ఒళ్ళు మండుతుంది. స్విట్జర్లాండ్, బెల్జియం వాళ్ళు నయం, 70కీ 90కీ తిన్నగా విడి మాటలు పెట్టుకున్నారు.

వచ్చే వారం పాఠం ఫోన్లో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవడం. ఎదుటి మనిషి మొహం కనపడదు, చేతులు ఊపి చెప్పడానికి లేదు. ఇప్పట్నుంచే టెన్షన్.