నెయ్యి వద్దన్న మనవరాలు, రోలు కడిగిన అమ్మమ్మ

మా అమ్మాయి ఇకమీదట పాలు, పెరుగు, నెయ్యి ముట్టనని చెప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది విశాఖపట్నంలో ఉన్న మా అమ్మ. అమెరికాలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో మేముండే చోట ఇది వింతేమీ కాదు. దాని స్నేహితుల్లో జంతువుల నుంచి వచ్చేదేదీ తినని పిల్లలున్నారు, ఏ షాపుకెళ్లినా ఓట్స్ పాలు, బాదం పాలు వరుసగా పేర్చి ఉంటాయి. టెన్షనంతా వేసవి సెలవుల గురించే. మనవలు వస్తున్నారంటే అమ్మ వారం ముందు నుంచే వెన్న కాచి నెయ్యి సీసాలకి ఎత్తిపెడుతుంది. వేడి పప్పన్నంలో నెయ్యి వద్దంటే, ఆవిడకి తన చేతి ముద్దే వద్దన్నట్టు.

విశాఖలో అమ్మ వాళ్ల ఎంవీపీ కాలనీ ఇంట్లో మొదటి భోజనం దగ్గరే ఆ మాట వచ్చింది. "నెయ్యి మానేస్తే ఏటి తింటావే తల్లీ? ఎముకలకి బలం ఎక్కడి నుంచి వస్తుంది?" అంది అమ్మ. "దూడకి ఉండాల్సిన పాలు మనం తీసుకోవడం నాకు ఇష్టం లేదు అమ్మమ్మా" అంది మా అమ్మాయి, తన తెలుగులో, మెల్లగా. నేను మధ్యలో కలగజేసుకోలేదు. ఇద్దరికీ అనువాదం చేసే పని మనం నెత్తిన వేసుకుంటే, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి మనతో మాట్లాడతారు. ప్రవాసంలో పిల్లల్ని పెంచే అమ్మలకీ నాన్నలకీ నేను గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే.

మర్నాడు అమ్మ తనంతట తనే అంది: "మా చిన్నప్పుడు అన్నిట్లోకీ నెయ్యి ఎక్కడిదే? నెయ్యి పండక్కీ, చుట్టాలొస్తేనూ. మిగతా రోజుల్లో నువ్వులూ, బెల్లమూ, కొబ్బరే కదా!" అని బాల్కనీలో ఉన్న రోలు కడిగింది.

నిజమే. మనం ఆరోగ్యకరమైన మిఠాయి అనగానే బాదం పిండి, చియా గింజలు, ఆన్‌లైన్‌లో కొనే ఖరీదైన పొడులు వెతుకుతాం. చిమ్మిలి, పల్లీ ఉండలు, కొబ్బరి లౌజు, మరమరాల ఉండలు, పోకుండలు, కుడుములు, వీటిలో వేటికీ పాలచుక్క అక్కర్లేదు. చేతికి అంటకుండా రాసుకునే నెయ్యి బదులు తడి చెయ్యి చాలు.

చిమ్మిలి ఎలా కుదురుతుందో మా అమ్మాయికి ఆ రోజే తెలిసింది. పొట్టు తియ్యని నువ్వులు సన్నటి సెగ మీద కలుపుతూ వేయించాలి. చిటపటలాడడం మొదలయ్యాక రెండు గింజలు వేళ్ల మధ్య నలిపితే పొడి అవ్వాలి. రంగు ముదిరిందంటే చేదొస్తుంది. చల్లారాక రోట్లో వేసి, బెల్లం తురుము చేర్చి దంచుతూ ఉంటే ముందు పొడి పొడిగా ఉంటుంది. కాసేపటికి ఆ పొడి నల్లబడి, రోకలికి అంటుకుని, మెరుస్తుంది. నువ్వుల్లో సగం దాకా నూనే కదా, దెబ్బకి అది బయటికొచ్చి బెల్లాన్ని పట్టేస్తుంది. గుప్పిట్లోకి తీసుకుని నొక్కితే ఉండ నిలుస్తుంది. మా అమ్మాయి మొదటి ఉండ చేసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఇంకేం వెయ్యాలి?" అని అడిగింది. "ఇంకేటీ లేదు" అంది అమ్మ. మిక్సీలో కూడా అవుతుంది, కానీ ఆపి ఆపి తిప్పాలి, లేదంటే వేడెక్కి ముద్దైపోతుంది.

ఎముకల బలం సంగతి అమ్మ మనసులో అలాగే ఉండిపోయింది కాబట్టి లెక్క కూడా చెప్పాను. వంద గ్రాముల ఆవు పాలలో కాల్షియం 120 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అదే వంద గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, 340 నుంచి 360 దాకా. పొట్టుతో ఉన్న నువ్వుల్లో వెయ్యికి అటూ ఇటూ, పొట్టు తీసేస్తే చాలా పడిపోతుంది. అయితే నువ్వులు వంద గ్రాములు ఎవరూ కూర్చుని తినరు, పైగా వాటిలో కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లు, ఫైటేట్ల వల్ల ఆ కాల్షియం అంతా ఒంటికి పట్టదు. చోళ్లని నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. అమ్మకి ఈ లెక్కలన్నిటికంటే, పాడేరు వైపు కొండల మీద చోడి అంబలి తాగి రోజంతా పనిచేసే వాళ్లని తను చూసిన జ్ఞాపకమే ఎక్కువ నమ్మకం ఇచ్చింది.

చోడి లడ్డూలు కూడా చేసింది. నేతిలో పిండి వేయించే పద్ధతి కాదు. పిండిని చిటికెడు ఉప్పుతో, వేడి నీళ్లతో కలిపి మందపాటి రొట్టెలు కాల్చి, అవి వేడిగా ఉండగానే తుంచి, వేయించిన వేరుశనగ గుళ్లు, బెల్లం వేసి దంచాలి. పల్లీల నూనే ఉండ కట్టడానికి సరిపోతుంది. పిండి రొట్టెలో పూర్తిగా ఉడుకుతుంది కాబట్టి పచ్చివాసన ఉండదు. తడి ఉంటుంది గనక రెండో రోజుకే అయిపోవాలి, మా ఇంట్లో సాయంత్రానికే డబ్బా ఖాళీ.

బెల్లం కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్లాం. అనకాపల్లి బెల్లం మాకు పక్కింటి సరుకు లాంటిది, 2022లో అనకాపల్లి వేరే జిల్లా అయినా సరే. పిల్లలకి దిమ్మలు చూపించి, పసుపుగా తళతళలాడేది కాదు, ముదురు రంగులో ఉన్నదే అడగమన్నాను. రంగు అలా తేలడానికి హైడ్రోస్ లాంటి రసాయనాలు కలిపే అలవాటు బెల్లం తయారీలో ఉంది. మా అబ్బాయి కొట్టు ఆయన్ని "అంకుల్, నల్ల బెల్లం ఉందా?" అని తనే అడిగి కొనుక్కున్నాడు. ఫ్రిస్కోలో తెలుగు అంటే ఇంట్లో మాత్రమే. ఇక్కడ దాంతో బెల్లం కొనొచ్చని వాడికి అప్పుడు అర్థమైంది.

వాడికి తీపి కంటే కారం ఇష్టం. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ బండి దగ్గర నిలబడితే కదలడు. మరమరాలు, వేయించిన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, కారం, పైన నిమ్మరసం, అంతే. పాలు లేవు, వెన్న లేదు. వాళ్లక్క కూడా నిశ్చింతగా తినగలిగే చిరుతిండి. పక్కనే ఉడికించిన వేరుశనక్కాయలు, నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్దిన మొక్కజొన్న పొత్తులు. వేసవిలో తాటి ముంజెలు సరే సరి. మన ఊళ్లో చిరుతిళ్లలో ఇన్ని మొక్కల నుంచి వచ్చినవే అని పిల్లలతో పాటు నేనూ కొత్తగా చూశాను.

తిరిగి వెళ్లాక ఇవన్నీ స్కూల్ డబ్బాలోకి పనికిరావు. మా అబ్బాయి క్లాసులోకి పల్లీలు, జీడిపప్పు లాంటివి తేకూడదు, పక్క పిల్లలకి అలర్జీ. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల్ని కూడా ప్రధాన అలర్జీ పదార్థాల్లో చేర్చి, ప్యాకెట్ల మీద రాయాలన్నారు. కాబట్టి చిమ్మిలి, చోడి లడ్డూలు ఇంటికే. ఇంకో పిల్లాడికి ప్రాణం మీదికొచ్చే విషయంలో మన సంప్రదాయం అని వాదించకూడదని మా పిల్లలకి చెప్పాను. స్కూల్‌కి మరమరాల ఉండలు పంపిస్తాను. నాలుగు కప్పుల మరమరాలకి కప్పు లోపే బెల్లం. పాకం చుక్క చల్లటి నీళ్లలో వేస్తే గట్టిపడి, పళ్లానికేసి కొడితే ఖంగుమనాలి. లేతగా ఉంటే ఉండలు మర్నాటికి సాగుతాయి. కలిపాక వేడి తగ్గకముందే తడి చేత్తో ఉండలు చుట్టెయ్యాలి. మరిగే పాకం దగ్గరికి పిల్లల్ని మాత్రం రానివ్వను.

ఇవి మొక్కల నుంచి వచ్చినవి కదా, బెల్లం కదా అని ఎన్నైనా తినొచ్చనుకోవడం నాకు నచ్చదు. బెల్లంలో ఇనుము కొద్దిగా ఉన్నా అత్యధిక భాగం చక్కెరే. రోజులో తీసుకునే శక్తిలో ఇలాంటి చక్కెరలు పది శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. మా ఇంట్లో రోజుకి ఒక ఉండ. ఇంకొకటి కావాలంటే పండు. పాలు మానేసిన పిల్లలకి బి12 విటమిన్ మొక్కల ఆహారంలో దొరకదు, డాక్టర్‌ని అడిగి మాత్రలు ఇవ్వాల్సిందే. మా అమ్మాయికి అలాగే ఇస్తున్నాం. ఇష్టపడి తీసుకున్న నిర్ణయం కాబట్టి మర్చిపోకుండా వేసుకుంటుంది.

కొబ్బరి పాలతో పరమాన్నం అమ్మకి బాగా నచ్చింది. అన్నం మెత్తగా ఉడికి, బెల్లం కరిగాక, పొయ్యి ఆపి చిక్కటి మొదటి పాలు పోస్తే విరగదు. ఈసారి వ్రతానికి కూడా అదే చేస్తానంది. సున్నుండల దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. మినప్పిండికి నూనె పోసి ఉండ కడితే అది సున్నుండ కాదంది, నేనూ అదే అన్నాను. మా అమ్మాయి "నాకోసం మార్చక్కర్లేదు అమ్మమ్మా, నేను చిమ్మిలి తింటాను" అంది. అమ్మ సున్నుండలు నేతితోనే కట్టింది, మా అబ్బాయి కోసం, నా కోసం. పళ్లెంలో రెండు రకాలూ పెట్టి, ఏది ఎవరిదో మనవరాలికి వేలితో చూపించింది.