ఐగుప్తు, మసర్, ఈజిప్ట్

మధ్యాహ్నం కరెంటు పోతే అందరం అరుగు మీదకి చేరాం. అమ్మ పొట్టిక్కల కోసం, అంటే ఆకుబుట్టల్లో ఉడికే ఇడ్లీల కోసం, పనసాకులు బుట్టలు కుడుతోంది. మా బుజ్జిది ఆఫ్రికా మ్యాపు ముందేసుకుని రంగులు వేస్తోంది. పిన్ని కువైట్ నుంచి సెలవు మీద వచ్చింది. పదకొండేళ్ళుగా కువైట్‌లోనే ఉన్నా ఊళ్ళో అందరికీ ఆవిడ దుబాయ్ నుంచి వచ్చినట్టే. మస్కట్ వెళ్ళినా ఖతార్ వెళ్ళినా మా కోనసీమలో దుబాయే మరి. తాతల కాలంలో బర్మాలో ఎక్కడికి వెళ్ళినా రంగం వెళ్ళాడనేవారట, ఓడ దిగే రంగూన్ పేరే దేశమంతటికీ సరిపోయేది.

అమ్మ మ్యాపులోకి తొంగిచూసి, తన తెలుగు బైబిల్లో ఉండే పేరుతో "ఐగుప్తు ఇదా? మరి ఎర్రసముద్రం ఏదే?" అంది. "ఐగుప్తు కాదు అమ్మమ్మా, ఈజిప్ట్!" అని బుజ్జిది గట్టిగా అనేసరికి అమ్మ ఇంకేం మాట్లాడకుండా ఆకుకి ఈనెపుల్ల గుచ్చుకుంటూ కూర్చుంది. నాకు చివుక్కుమంది, ఎందుకంటే చిన్నప్పుడు నేనూ అమ్మని అచ్చం ఇలాగే సరిదిద్దాను.

పిన్ని అందుకుంది. "మేం పనిచేసే ఇంట్లో డ్రైవరు ఆ దేశంవాడే. మస్రీ అంటారు. వాళ్ళ దేశాన్ని వాళ్ళు మసర్ అంటారు గానీ ఈజిప్ట్ అనగా నేనెప్పుడూ వినలేదు. నన్నేమంటారో తెలుసా, హిందీ! తెలుగోళ్ళమైనా మలయాళీలమైనా అక్కడ అందరం హిందీలమే. ఇండియాని హింద్ అంటారు."

అసలు ఆ దేశాన్ని గ్రీకులు ఐగుప్టోస్ అన్నారు, ఇంగ్లీషువాళ్ళ ఈజిప్ట్ కూడా అందులోంచి వచ్చిందే, ఆ లెక్కన అమ్మ నోట్లో ఉన్న మాటే పాత పేరుకి దగ్గర. ఇది చెప్పి, లోపలికెళ్ళి అమ్మ బైబిలు తెచ్చి ఆదికాండం 10వ అధ్యాయం తీశాను. హాము కొడుకుల పేర్లు, కూషు పక్కనే మిస్రాయిము. హీబ్రూలో ఐగుప్తుకి పేరదే, పిన్ని చెప్పిన మసర్‌కి చుట్టం. అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆ మాట కింద వేలుపెట్టి రెండుసార్లు చదువుకుంది. "ఇన్నేళ్ళూ ఇది ఒట్టి మనిషి పేరే అనుకున్నానే" అంది.

బుజ్జిది హోంవర్కులో ఈజిప్ట్ అనే రాసింది, మార్కులు పోతాయని. దాని కింద పెన్సిలుతో చిన్నగా ఐగుప్తు అని కూడా రాసి, అమ్మమ్మ పక్కకి జరిగి ఎర్రసముద్రం ఎక్కడుందో చూపించింది.