ముందు ఒక నోట్‌బుక్కు కుట్టండి

చేతితో ఏదైనా చేయాలని మనసు పుట్టగానే చాలామంది ముందు చేసే పని దాని గురించి వీడియోలు చూడటం. తరవాత పనిముట్ల జాబితా రాసుకోవడం, ఏ బ్రాండు మంచిదో సమీక్షలు చదవడం, ఆర్డరు పెట్టడం. పెట్టె ఇంటికొచ్చేసరికి ఉత్సాహం సగం తగ్గిపోతుంది. ఇంతవరకూ జరిగినదంతా చూడటం, చదవడం, కొనడమే. ఒక్క కాగితం కూడా మడత పడలేదు.

తీరికగా కూర్చుని తెర చూస్తే హాయిగా ఉంటుందని అందరం అనుకుంటాం. కానీ 1989లో మనస్తత్వ పరిశోధకులు మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, జుడిత్ లెఫెవర్ ప్రచురించిన పరిశోధనలో ఉద్యోగులకు పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో, మనసు ఎలా ఉందో రాయమన్నారు. ఒళ్లు మరిచి లీనమయ్యే సందర్భాలు తీరిక వేళ కన్నా ఉద్యోగపు పనిలోనే ఎక్కువ కనిపించాయి. అయినా తీరిక వేళ కన్నా పనిలో ఉన్నప్పుడే ఇంకేదైనా చేస్తుంటే బాగుండునని ఎక్కువగా కోరుకున్నవాళ్లూ వాళ్లే. అలా లీనం కావాలంటే పని మన నేర్పుకు తగినంత కష్టంగా ఉండాలి, సరిగ్గా చేస్తున్నామో లేదో వెంటనే తెలియాలి. వరసగా వచ్చే వీడియోలను చూస్తూ కూర్చోవడంలో ఈ రెండూ దొరకవు. సూదీ దారంతో కాగితాలు కుడుతుంటే రెండూ దొరుకుతాయి. బిగువు చాలకపోతే కాగితాలు కదులుతాయి, ఎక్కువైతే చిరుగుతాయి. ఆ సంగతి కంటికన్నా ముందు వేళ్లకే తెలిసిపోతుంది.

అందుకే మొదటి వస్తువుగా కుట్టిన నోట్‌బుక్కు చేయమంటాను. గంటన్నర, రెండు గంటల్లో పూర్తవుతుంది. జిగురు వాడం కాబట్టి ఆరేదాకా ఆగక్కర్లేదు. మర్నాటి నుంచే వాడుకోవచ్చు. కావలసినవి: 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత) ఏ4 కాగితాలు 12, పై అట్టకు అదే కొలతలో 200 నుంచి 250 జీఎస్‌ఎం మందం కాగితం ఒకటి, 60 సెంటీమీటర్ల గట్టి దారం, సూది, రంధ్రాలకు సన్నటి దబ్బనం, ఇనుప స్కేలు, కొత్త బ్లేడు వేసిన కట్టర్. దారం లినెన్‌ది దొరికితే మంచిది, లేదంటే మందపాటి నూలు దారం చాలు. దాన్ని తేనెమైనం ముక్క మీద రెండు మూడు సార్లు లాగితే పీచు లేవదు, ముడి జారదు. కాగితాలు మడత పెట్టి రుద్దడానికి స్పూను వెనకవైపు సరిపోతుంది. ఇంతకు మించి ఇప్పుడేమీ కొనకండి.

అందరూ దాటేసేది కాగితపు పీచు సంగతి. కాగితం తయారయ్యేటప్పుడు యంత్రం నడిచే దిశలోనే పీచు ఎక్కువగా వాలుతుంది. ఆ దిశ వెంట మడిస్తే మడత సూటిగా పడుతుంది, పేజీ తిప్పితే మెత్తగా ఒరుగుతుంది. అడ్డంగా మడిస్తే మడత గరుకుగా వస్తుంది, ఎంత నొక్కినా నోట్‌బుక్కు నోరు తెరుచుకునే ఉంటుంది. పీచు ఎటు ఉందో తెలియాలంటే కాగితాన్ని మడత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి అరచేత్తో మెల్లగా అదమండి. ఎటు వంచితే తేలిగ్గా లొంగిందో, ఆ వంపు వెంట పీచు ఉన్నట్టు. నమ్మకం కుదరకపోతే ఒక పనికిరాని కాగితం చింపి చూడండి. పీచు వెంట చిరుగు తిన్నగా పోతుంది, అడ్డంగా అయితే వంకర్లు తిరుగుతుంది.

మామూలుగా దొరికే ఏ4లో పీచు పొడుగు వైపుకు ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే మడత పీచుకు అడ్డం పడుతుంది. మొదటి నోట్‌బుక్కుకు ఇది సర్దుకోదగ్గ లోపమే. తరవాతిసారి పొడుగు పీచు ఉన్న ఏ3 కాగితాలను సగానికి కోసి ఏ4లు చేసుకోండి, అప్పుడు పీచు పొట్టి వైపుకు వచ్చి మడత దాని వెంటే పడుతుంది. అట్ట దగ్గర మాత్రం రాజీ పడొద్దు. మందం కాగితాన్ని పీచుకు అడ్డంగా మడిస్తే వెన్ను పొడుగునా పగుళ్లు లేస్తాయి. పీచు సరిగ్గా ఉన్నా సరే, మడిచే ముందు స్కేలు ఆనించి సిరా అయిపోయిన బాల్‌పెన్ను మొనతో గాడి గీయండి.

కాగితాలను మూడేసి చొప్పున మడిచి, మడత మీద స్పూనుతో రుద్ది, ఒకదానిలో ఒకటి దూర్చితే 48 పేజీల కట్ట తయారవుతుంది. మొదటిసారి ఇంతకన్నా ఎక్కువ పెట్టకండి. కాగితాలు పెరిగేకొద్దీ మడత గుండ్రంగా ఉబ్బుతుంది, లోపలి పేజీలు బయటికి తోసుకొస్తాయి. 12 కాగితాలకే ఒకటి రెండు మిల్లీమీటర్లు తోసుకొస్తాయి, అది చివర్లో కోసేస్తాం.

రంధ్రాలు కంటి అంచనాతో వేయొద్దు. 21 సెంటీమీటర్ల కాగితపు పట్టీ ఒకటి కోసి, పైనుంచి 15, 60, 105, 150, 195 మిల్లీమీటర్ల దగ్గర గుర్తులు పెట్టండి.   ఇప్పుడు కట్టను అట్టలో ఉంచి, సగం తెరిచిన లావాటి పుస్తకం మధ్యలో ఆనించి, పట్టీని లోపలి మడతలో పెట్టి, లోపలి నుంచి బయటికి దబ్బనంతో గుచ్చండి. దబ్బనాన్ని మడత కోణానికి మధ్యగా, నిటారుగా పట్టుకోవాలి. పక్కకు వాలితే రంధ్రం వెన్ను మీద కాకుండా అట్ట వైపున తేలుతుంది. కుట్టిన తరవాత దాన్ని సరిచేసే మార్గం లేదు.

ఇక కుట్టు. రంధ్రాలకు పైనుంచి కిందికి 1 నుంచి 5 వరకు అంకెలు అనుకోండి. లోపలి నుంచి 3లో సూది దూర్చి బయటికి తీయండి, లోపల 10 సెంటీమీటర్ల తోక వదలండి. బయటి నుంచి 2లో లోపలికి, 1లో బయటికి, మళ్లీ 2లో లోపలికి. ఇప్పుడు లోపలే 3ను దాటేసి 4లో బయటికి, 5లో లోపలికి, తిరిగి 4లో బయటికి, చివరగా 3లో లోపలికి. సూది కొస, మొదటి తోక ఈ రెండూ 2 నుంచి 4కు సాగిన పొడుగు కుట్టుకు చెరో పక్కన ఉండాలి. ఆ కుట్టు మీదుగా రెండు కొసలనూ ముడి వేయండి.

ఇక్కడ సాధారణంగా తప్పేవి మూడు. 2, 4 రంధ్రాల్లో సూది రెండోసారి వెళ్తుంది కదా, అప్పుడది పాత దారాన్నే గుచ్చుకుంటే ఇక ఎంత లాగినా బిగుసుకోదు. పాత దారాన్ని ఒక పక్కకు లాగి పట్టుకుని సూది దించండి. రెండోది బిగించే దిశ. దారాన్ని ఎప్పుడూ వెన్ను పొడుగునా లాగాలి. పేజీల వైపుకు లాగితే రంధ్రం చీలి మడత వెంట చిరుగుతుంది. మూడోది ముడి. కుడి కొస ఎడమ మీదుగా ఒకసారి, ఎడమ కొస కుడి మీదుగా ఒకసారి. రెండుసార్లూ ఒకే వైపు నుంచి వేస్తే కొన్నాళ్లకు జారుతుంది. కొసలు సెంటీమీటరు వదిలి కత్తిరించండి.

బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచి, మర్నాడు తెరుచుకునే అంచును 3 మిల్లీమీటర్లు కోయండి. కింద మందపాటి అట్టముక్క వేసుకోవాలి. స్కేలును నోట్‌బుక్కు మీద ఉంచి గట్టిగా అదిమితే బ్లేడు తప్పినా పారేసే పట్టీ మీదికే పోతుంది. స్కేలు పట్టుకున్న చేతివేళ్లు అంచుకు బాగా వెనక్కి ఉండాలి. ఒక్క ఊపులో తెంచాలని చూస్తే బ్లేడు పేజీలను ఈడ్చేస్తుంది, అంచు ఏటవాలుగా వస్తుంది. తేలికపాటి గీతలు 15, 20 పడతాయి, ఒక్కో గీతకు ఒకటి రెండు పేజీలు తెగితే చాలు. విసుగొచ్చి ఒత్తిడి పెంచిన చోటే పని చెడుతుంది.

పూర్తి చేయడం మీద ఇంత పట్టుదల దేనికంటే, మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఆరియెలీ 2012లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. మనుషులు తాము చేసిన వస్తువుకు ఎక్కువ విలువ కడతారని వాళ్లు కాగితపు బొమ్మలతో, బిగించే పెట్టెలతో, లెగో ముక్కలతో చూపించారు. విడి భాగాలుగా అమ్మి, కొన్నవాళ్లే బిగించుకునే సామాన్ల కంపెనీ ఐకియా పేరు మీద దానికి ఐకియా ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. చేసినదాన్ని విడగొట్టేసినప్పుడు, సగంలో ఆపినప్పుడు ఆ విలువ నిలవలేదు. నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది. పూర్తికాని పది ప్రాజెక్టులు ఇంట్లో ఉన్నవాళ్లకు తయారీ మీద నమ్మకం పోతుంది, వెళ్లి మళ్లీ తెర ముందు కూర్చుంటారు. కాబట్టి ఒకపూటలో అయ్యేదే ఎంచుకోండి.

అదే పరిశోధనలో ఇంకో సంగతీ ఉంది. కొత్తవాళ్లు మడిచిన కాగితపు బొమ్మలకు చేసినవాళ్లు కట్టిన విలువ నిపుణుల బొమ్మలకు పలికిన విలువకు దగ్గరగా ఉంది. బయటివాళ్లకు మాత్రం అవి నలిగిన కాగితాల్లా కనిపించాయి. మీ మొదటి నోట్‌బుక్కు ఫొటో తీసి పదిమందికీ చూపించి మెప్పు కోసం ఎదురుచూస్తే దిగులే మిగిలే ప్రమాదం ఉంది. ఫొటో కన్నా ముందు అందులో ఏదైనా రాయండి, సరుకుల జాబితా అయినా సరే. అందంగా వచ్చిందని దాచిపెట్టిన నోట్‌బుక్కు అలమరలో పడి ఉండే మరో వస్తువైపోతుంది.

వీడియో చూడాల్సి వస్తే ఒకటే చూడండి, మెట్లు కాగితం మీద రాసుకుని ఫోను వేరే గదిలో పెట్టండి. కాగితాలు, దారం, సూది ఒక పెట్టెలో వేసి కళ్లెదుట ఉంచండి. వెతుక్కోవడానికి పది నిమిషాలు పట్టే పనిని అలసిన సాయంత్రం ఎవరూ మొదలుపెట్టరు.

రెండో నోట్‌బుక్కులో ఒక్కటే మార్చండి. పీచు దిశ సరిచేయండి, లేదా దారం మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. మూడు నాలుగు చేశాక 96 పేజీలది కుట్టాలనిపిస్తే 24 కాగితాలను ఒకే కట్టగా మడవొద్దు. నాలుగేసి కాగితాల కట్టలు ఆరు చేసి, ఒక్కో కట్టనూ పక్కదానితో ముడివేస్తూ కుట్టాలి. అలా కుట్టిన నోట్‌బుక్కు ఏ పేజీ దగ్గర తెరిచినా బల్ల మీద చదునుగా పడుకుంటుంది, తోసుకొచ్చే అంచు కూడా దాదాపు ఉండదు.