మా అమ్మాయి మెడలో గడ్డ

పిల్లల మెడలో చిన్న చిన్న బిళ్లలు చేతికి తగలడం మామూలే. గొంతు నొప్పి వచ్చినా, పన్ను పుచ్చినా, తలలో పేలు పడినా ఆ దగ్గరి లింఫ్ గ్రంథులు ఉబ్బుతాయి. ఎక్కువగా కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. అందుకే ఇక్కడ ఇంగ్లండ్‌లో మా అమ్మాయిని చూసిన జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు, "కొన్నాళ్లు ఆగి చూద్దాం" అన్నారు. గుంటూరు నుంచి మా అత్తయ్య మాత్రం "ఆగడమేంటమ్మా, గడ్డలోంచి సూదితో కాస్త తీసి చూసే సూది పరీక్ష చేయించండి" అని వీడియో కాల్‌లో పట్టుబట్టారు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. జీపీ దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి అది వైరస్ వల్ల వచ్చిన వాపే. అత్తయ్య చూసిన లోకంలో నెలల తరబడి తగ్గని మెడ గడ్డ అంటే ముందు టీబీనే అనుమానిస్తారు. మా పిల్ల రెండు చోట్లా పెరుగుతోంది. గుంటూరులో పుట్టింది, సెలవులన్నీ అక్కడే గడుపుతుంది. ఆ సంగతి మనం నోరు తెరిచి చెబితేనే డాక్టరుకు తెలుస్తుంది.

వారాలు గడిచినా గడ్డ తగ్గలేదు. మళ్లీ వెళ్లి ఇండియా ప్రయాణాలు, పుట్టగానే వేయించిన టీబీ టీకా బీసీజీ, అన్నీ చెప్పాను. బీసీజీ వేయించాం కదా, ఇంకా భయమెందుకు అని నాకూ ఉండేది. చిన్నపిల్లలకు మెదడు పొరలకు సోకే టీబీలాంటి ప్రమాదకరమైన రకాల నుంచి అది బాగా కాపాడుతుంది, కానీ పూర్తి రక్షణ కాదు. పైగా ఆ టీకా వల్ల చర్మం మీద చేసే మాంటూ పరీక్ష కొన్నిసార్లు ఊరికే పాజిటివ్ వస్తుంది. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షకు ఆ ఇబ్బంది లేదు. అయినా క్రిమి లోపల నిద్రపోతోందా, జబ్బుగా మారిందా అన్నది రక్తపరీక్ష చెప్పలేదు. చివరికి అత్తయ్య అన్న సూది పరీక్షతోనే టీబీ అని తేలింది.

అన్ని గడ్డలూ టీబీ కావు, నిజమే. కానీ 2 సెంటీమీటర్లు దాటినా, 4 నుంచి 6 వారాలకూ తగ్గకపోయినా, రాయిలా గట్టిగా కదలకుండా ఉన్నా, కాలర్ ఎముక పైన వచ్చినా, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం తోడైనా ఆగకండి. లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, కాదని కూడా తేల్చుకోవాలి.

ఊపిరితిత్తుల ఎక్స్‌రే బాగుంది కాబట్టి ఎవరికీ అంటదని, స్కూలుకు పంపవచ్చని నర్సు చెప్పింది. మాత్రలు 6 నెలలు, మొదటి 2 నెలలు నాలుగు రకాలు. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పి పిల్లను సిద్ధం చేసింది. మధ్యలో గడ్డ ఇంకాస్త పెరిగింది. మందు పనిచేస్తున్నప్పుడూ అలా జరగవచ్చట. ఆ వారం నాకు నిద్ర లేదు.

మందులకన్నా కష్టమైనది ఇంకోటి. "ఆడపిల్ల, బయట ఎవరికీ చెప్పకండి" అన్నారు అత్తయ్య. స్పీకర్‌లో అమ్మాయి వింది. "నానమ్మా, ఇది సిగ్గుపడే జబ్బా?" అని తన వచ్చీరాని తెలుగులో అడిగింది. అత్తయ్యది ప్రేమే, తెలుసు. ఆ భయం వెనక ఎన్ని పెళ్లిళ్లు తప్పిపోయాయో కూడా తెలుసు. అయినా నేను కూతురి పక్కనే నిలబడ్డాను. స్కూల్లో ఫ్రెండ్స్‌కు తనే చెప్పుకుంది.

మా మేనత్త మెడ మీద ఓ మచ్చ ఉంది. చిన్నప్పుడు కాలిందని చెప్పేవారు. మా అమ్మాయి సంగతి విని ఆమె తనే ఫోన్ చేసింది. అది కాలిన మచ్చ కాదు, గండమాల, అంటే మెడ గ్రంథుల టీబీ. "నీకు మాత్రలే, నాకైతే రోజూ స్ట్రెప్టోమైసిన్ సూదులు" అని పిల్లతో చాలాసేపు మాట్లాడింది. ఆవిడ కూతుళ్లకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది.

కోర్సు పూర్తయింది. చిన్న బిళ్ల ఇంకా చేతికి తగులుతోంది. చికిత్స తర్వాత అలా మిగలవచ్చని, పెరిగితే మాత్రం వెంటనే రమ్మని చెప్పారు.